ఒప్పందంలో మూడో సంతకం: వైద్యంలో సర్కారు-ప్రైవేటు భాగస్వామ్యం, దళిత వాడల అనుభవం

బాలాపూర్ పేరు చెప్తే నగరంలో అందరికీ ముందు గుర్తొచ్చేది వినాయకుడి లడ్డూ. 1994లో మొదటిసారి వేలం వేస్తే ఆ లడ్డూ 450 రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలు పలికింది. ఈ ముప్పై ఏళ్ళలో ఇక్కడి భూముల ధర ఎట్లా పెరిగిందో చెప్పడానికి వేరే లెక్క అక్కర్లేదు. పత్రికలు ఏటా ఈ లెక్క రాస్తాయి. కానీ ఇదే ముప్పై ఏళ్ళలో, ఇదే ఊరి పక్కనున్న వాడలో ఒక మనిషికి జ్వరమొస్తే, కాన్పు కష్టమైతే, దగ్గు నెల దాటినా తగ్గకపోతే ఎక్కడికి పోయారు, ఎంత అప్పు చేశారు, చివరికి ఎవరు చూశారు అనే లెక్క ఎవరూ రాయలేదు. ఆ రెండో లెక్క గురించే ఈ వ్యాసం.

ఈ తూర్పు వైపు బస్తీల నుంచి, ఇంట్లో అందరికన్నా ముందు యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్ళం మేం. మా అమ్మ ఎల్బీనగర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్ళు నేల తుడిచింది. ఆసుపత్రి ఉద్యోగిగా కాదు, ఏజెన్సీ మనిషిగా. ఆమెకు కడుపులో గడ్డ వస్తే అదే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ చేశారు. సర్కారు ఆసుపత్రికి పైసలు కట్టింది. ఆపరేషన్ బాగానే అయింది, అబద్ధం చెప్పకూడదు. పది రోజుల మందులు కూడా ఇచ్చారు. పదకొండో రోజు నుంచి మందులకు వడ్డీకి తెచ్చాం. పనిలోకి పోని నెలన్నరకు జీతం లేదు. ఈఎస్‌ఐ సంగతి అడిగితే ఏజెన్సీ సూపర్‌వైజరు "నీ పేరు మీద కట్టలేదమ్మా" అన్నాడు. కుట్లు మానినాక మళ్ళీ పోయేసరికి ఆమె జాగాలో ఇంకొకామె తుడుస్తున్నది.

ఇందులో సర్కారు ఉంది, ప్రైవేటు ఉంది. ఆపరేషన్ వరకు రెండూ తమ ఒప్పందం నిలబెట్టుకున్నాయి. ఆ ఒప్పందంలో లేనిది మా అమ్మ ఒక్కతే. ఆమె పేరు ఆ కాగితం మీద 'లబ్ధిదారు' అని ఉంది. ఆసుపత్రికీ ఏజెన్సీకీ మధ్య కాగితం మీద ఒక అంకెగా ఉంది. సంతకం చేసిన మనిషిగా ఎక్కడా లేదు. వైద్యంలో సర్కారు-ప్రైవేటు భాగస్వామ్యం మంచిదా చెడ్డదా అని మన మేధావులు ఇన్నేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఆ ప్రశ్న వాడలో నిలబడి అడిగితే వేరేగా వినిపిస్తుంది. ఒప్పందంలో మూడో సంతకం ఎవరిది? రోగుల రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలతో చరిత్రను తిరగేసి చూద్దాం.

కొత్త మాట, పాత పని

భాగస్వామ్యం అనేది 1991 ఆర్థిక సంస్కరణలతో వచ్చిందని అనుకోవడం పొరపాటు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915 నాడే అట్లాంటిదొకటి మొదలైంది. వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం అక్కడ ఆసుపత్రి పెట్టింది. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడు విరాళమిచ్చాడు. నిజాం సర్కారు సాయం చేసింది. విదేశీ మిషన్, స్థానిక ధనికుడు, ప్రభుత్వం - ఈ ముగ్గురూ కలిసి నడిపిన పని అది. ఊరు వెళ్ళగొట్టిన మనుషులకు అక్కడ మంచం దొరికింది, కట్టు కట్టే చెయ్యి దొరికింది. అంటరానితనం అనుభవించిన మనకు దాని విలువ ఏమిటో తెలుసు. మిషన్ ఆసుపత్రుల్ని మతం పేరుతో తీసిపారేసే అగ్రవర్ణ చరిత్రకారులు, ఆ రోజుల్లో తమ తాతలు కుష్ఠురోగిని ఎక్కడ ఉంచారో కూడా రాయాలి.

అయితే ఒక సంగతి మరవకూడదు. అక్కడ రోగికి దక్కింది దయ, హక్కు కాదు. దాత దయ తగ్గినా, మిషన్‌కు విదేశాల నుంచి డబ్బు ఆగినా, సర్కారు మనసు మారినా రోగి అడగడానికి ఏమీ లేదు.

అదే కాలంలో హైదరాబాదులో ఇంకో పని జరిగింది. 1911లో మాన్య సంఘం పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆ తరువాత ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన మనిషి, నగరంలో ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా చెలరేగిన రోజుల్లో తన స్వచ్ఛంద సేవకుల్ని రంగంలోకి దించాడు. సొంత బంధువులే దగ్గరికి రాని రోగుల్ని, శవాల్ని ఆ యువకులు చూసుకున్నారు. శవం ముట్టడం మన కులానికి రాసిపెట్టిన వెట్టి అని ఊరు అంటుంది. భాగ్యరెడ్డి వర్మ ఆ వెట్టినే సంఘం చేసే సేవగా మార్చాడు. దయ చూపించుకునే జాతిగా కాక, నగరం ఆరోగ్యాన్ని మోసే సంఘంగా మనం నిలబడ్డ మొదటి ఘట్టాల్లో ఇదొకటి. ప్రజారోగ్య చరిత్ర పుస్తకాల్లో మూసీ వరద ఉంటుంది, ఉస్మానియా ఆసుపత్రి కట్టడం ఉంటుంది. ఈ యువకులు ఉండరు.

అంబేద్కర్ కాలపు మూడో కుర్చీ

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను రాజ్యాంగం దగ్గర ఆపేయడం మనకు అలవాటైంది. ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడు. ఆ శాఖ పనిలో భాగంగానే 1943లో కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే బాధ్యత ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944లో ఆయన నివేదిక వచ్చింది. అదే 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టమైంది. మనం ఈఎస్‌ఐ అంటున్నది దాన్నే.

ఈఎస్‌ఐ ఎట్లా కట్టారో గమనించాలి. యజమాని కొంత కడతాడు, కార్మికుడు కొంత కడతాడు, వైద్యం ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వం కొంత భరిస్తుంది. అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. దాన్ని నడిపే కార్పొరేషన్‌లో యజమానుల ప్రతినిధులు, ప్రభుత్వ ప్రతినిధులు, డాక్టర్లతో పాటు కార్మికుల ప్రతినిధులకు కూడా చట్టమే చోటిచ్చింది. జబ్బు పడితే వైద్యమే కాదు, పనికి పోలేని రోజులకు డబ్బు కూడా ఇవ్వాలని రాసింది. దయ కాదు, హక్కు. అడిగే కుర్చీ ఉంది, అడగడానికి చట్టం ఉంది. సర్కారు, ప్రైవేటు యజమాని, కార్మికుడు ముగ్గురూ కూర్చున్న భాగస్వామ్యం మన దేశంలో ఏదైనా ఉందంటే ముందు చెప్పుకోవాల్సింది ఇదే. 1946లో భోర్ కమిటీ కూడా, డబ్బు కట్టలేడనే కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని చెప్పింది.

మరి మనవాళ్ళకు అది ఎందుకు అందలేదు? ఈఎస్‌ఐ కర్మాగారాల గేటు దగ్గర మొదలైంది. కూలికి పోయేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, మేస్త్రీ కింద ఇటుకలు మోసేవాళ్ళు, డ్రైనేజీలోకి దిగేవాళ్ళు - దళితులు ఎక్కడ ఎక్కువ ఉన్నారో అక్కడికి అది రాలేదు. కుర్చీ వేశారు కానీ మనలో ఎక్కువమంది ఆ గది బయటే ఉండిపోయారు. ఇప్పుడు 21 వేల లోపు జీతమున్న ఆసుపత్రి సఫాయి కార్మికురాలు కూడా ఈఎస్‌ఐ కిందికి వస్తుంది. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికురాలి వాటా 0.75 శాతం. చట్టం ఉంది. కట్టకుండా ఎగ్గొట్టే కాంట్రాక్టరూ ఉన్నాడు.

రుణం వచ్చింది, రోస్టరు పోయింది

1986లో ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు చట్టం వచ్చింది. తాలూకా, జిల్లా ఆసుపత్రుల్ని ఒక స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చారు. ఆ దశాబ్దంలోనే హైదరాబాదులో రెండు దారులు కనిపించాయి. నిజాం ట్రస్టు పెట్టిన ఎముకల ఆసుపత్రి నిమ్స్‌గా మారి ప్రభుత్వ సంస్థ అయింది. అంటే ప్రైవేటు ధర్మం ప్రజల ఆస్తి అయింది. మరో పక్క 1988లో జూబ్లీహిల్స్‌లో కార్పొరేటు ఆసుపత్రి తెరుచుకుంది. అక్కడి నుంచి నగరంలో వైద్యానికి ధర కట్టే పద్ధతే మారిపోయింది.

కార్పొరేటు ఆసుపత్రులకు ప్రభుత్వాలు చవకగా భూములిచ్చి, బదులుగా పేదలకు కొన్ని మంచాలు ఉచితంగా ఇవ్వాలని షరతు పెట్టడం దేశమంతా జరిగింది. ఆ షరతు ఎట్లా నడిచిందో తెలియాలంటే ఢిల్లీ వైపు చూడాలి. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రికి 15 ఎకరాలు రూపాయి లీజుకిచ్చి మూడోవంతు మంచాలు ఉచితంగా ఉంచాలన్నారు. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఆ షరతు నెరవేరలేదని చెప్పి, పేదలకు మంచాలు ఇచ్చి తీరాలని ఆదేశించాల్సి వచ్చింది. భూమి చేతులు మారడానికి ఒక్క సంతకం చాలింది. మంచం రావడానికి కోర్టు కావాల్సి వచ్చింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఏ మంచం ఖాళీగా ఉందో చెప్పే రిజిస్టరు ఇచ్చేవాడి చేతిలోనే ఉంది, అడిగేవాడి చేతిలో లేదు.

1994లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు ప్రథమ రిఫరల్ ఆసుపత్రుల ప్రాజెక్టు కింద రుణం మంజూరు చేసింది. భవనాలు బాగుపడ్డాయి, పరికరాలు వచ్చాయి. రుణంతో పాటు ఒక ఆలోచన కూడా వచ్చింది: కట్టగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవాలి, వైద్యం కాని పనుల్ని కాంట్రాక్టుకివ్వాలి. వైద్యం కాని పనులంటే ఏమిటి? ఊడ్వడం, కడగడం, బట్టలుతకడం, స్ట్రెచరు తోయడం, గేటు కాయడం. అంటే మన పనులు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. సర్కారు దవాఖానలో నాలుగో తరగతి ఉద్యోగం ఎన్నో దళిత కుటుంబాలకు మొదటి నెల జీతం. అక్కడ రూల్ ఆఫ్ రిజర్వేషన్ ఉంది, రోస్టరు ఉంది, పింఛను ఉంది. తల్లి ఆయాగా చేస్తే బిడ్డ నర్సింగు చదివిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అదే పనిని టెండరు పిలిచి ఏజెన్సీకి ఇచ్చాక పని మనదే ఉంది, మనుషులూ మనవాళ్ళే, పోయింది ఉద్యోగం. ఏజెన్సీకి రోస్టరు లేదు. మండల్ మీద అంత రభస చేసినవాళ్ళు ఈ రద్దు మీద ఒక్కమాట అనలేదు, ఎందుకంటే పోయింది వాళ్ళ పోస్టులు కాదు. ప్రైవేటీకరణ అంటే ప్రైవేటు ఆసుపత్రి ఒక్కటే కాదు. సర్కారు దవాఖాన గోడల లోపల, మన చీపురు దగ్గర, అది ముందుగా మొదలైంది.

బస్తీకి వచ్చిన ఒప్పందాలు

1990ల్లో బస్తీల దాకా వచ్చిన భాగస్వామ్యం ఇంకో తీరుది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన ఎనిమిదో జనాభా ప్రాజెక్టు కింద బెంగుళూరు, కలకత్తా, ఢిల్లీలతో పాటు హైదరాబాదు మురికివాడల్లోనూ ఆరోగ్య కేంద్రాలు పెట్టారు. బస్తీ ఆడవాళ్ళను వాలంటీర్లుగా తీసుకున్నారు. 2000 నుంచి రాష్ట్రంలోని 74 పట్టణాల్లో 192 పట్టణ ఆరోగ్య కేంద్రాల్ని కాంట్రాక్టు మీద స్వచ్ఛంద సంస్థల చేతికిచ్చారు. టీకాలు, గర్భిణుల పరీక్షలు, కుటుంబ నియంత్రణ వాటి పని. అసలు ఏమీ లేని బస్తీలో నర్సమ్మ ఇంటికొచ్చి సూది వేయడం చిన్న సంగతి కాదు. మా ఇళ్ళలో చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు టీకాలు పడింది అట్లాంటి నర్సమ్మల చేతనే.

కానీ సంస్థకు కాంట్రాక్టు ఇచ్చేది పైనుంచి, పని కొలిచేది పైనుంచి. కాంట్రాక్టు ముగిసినా, సంస్థ మారినా బస్తీకి ముందుగా చెప్పేవాళ్ళు లేరు. వాలంటీరుగా తిరిగిన అక్కకు గౌరవం అనే మాట మిగిలింది, జీతం కాదు. మన ఆడవాళ్ళ చాకిరీకి సేవ అని పేరు పెట్టడం ఈ దేశంలో కొత్తేమీ కాదు.

క్షయ విషయంలో మాత్రం హైదరాబాదు వేరే పాఠం చెప్పింది. అది మన కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి. 1995లో నగరంలోని మహావీర్ ఆసుపత్రి, ట్రస్టు నడిపే ప్రైవేటు ఆసుపత్రి, ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంతో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. 1998 నుంచి ఐదు లక్షల జనాభాకు అదే క్షయ యూనిట్‌గా పనిచేసింది. పద్ధతి సులువైంది. బస్తీలో దగ్గుతో ఉన్న మనిషి మామూలుగా ముందు పోయేది వీధి చివర డాక్టరు దగ్గరికే. ఆ డాక్టరు అతన్ని తెమడ పరీక్షకు మహావీర్‌కు పంపాలి. జబ్బు తేలితే మందులు సర్కారువి, ఉచితం. రోజూ అంతదూరం పోనక్కర లేకుండా ఇంటి దగ్గరున్న చిన్న నర్సింగుహోములోనే ఎదురుగా మింగించాలి. పంపిన డాక్టరుకు రోగి సంగతి తిరిగి తెలియజేయాలి, అప్పుడే తన రోగిని ఎవరో ఎత్తుకుపోతారన్న భయం డాక్టరుకు పోతుంది. మొదటిసారి మందులు మొదలుపెట్టిన రోగుల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది చికిత్స పూర్తి చేశారని ఆ తరువాత ప్రచురితమైన ఫలితాలు చెప్పాయి. ఇతర దేశాలవాళ్ళు కూడా దీన్ని ఉదాహరణగా చెప్పుకున్నారు.

అది ఎందుకు నడిచింది? మా ఉద్దేశంలో మూడు కారణాలున్నాయి. ఒకటి, మందు అమ్మకానికి లేదు. రెండు, రిజిస్టరు ప్రభుత్వ కార్యక్రమం నిర్ణయించిన పద్ధతిలో ఉంది. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు, ఎవరు చనిపోయారు అన్నది దాచడానికి వీల్లేదు. మూడు, రోగి నడిచే దూరాన్ని, అతని పని వేళల్ని లెక్కలోకి తీసుకున్నారు. ప్రైవేటును సర్కారు క్రమశిక్షణలోకి తెచ్చారు. సర్కారును ప్రైవేటు లాభంలోకి పంపలేదు. క్షయ మన వాడల జబ్బు. ఇరుకు గది, దుమ్ము పని, సగం కడుపు దాని మూలాలు. మందు ఒక్కటే చాలదని తెలిసి, రోగి తిండికి 2018 నుంచి కేంద్రం నెలకు 500 ఇస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. ఈ మాట కూలి పోయిన క్షయరోగి ఎప్పటినుంచో అంటున్నదే.

ఆపరేషన్‌కు పైసలున్నాయి, జ్వరానికి లేవు

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు పెట్టిన సంస్థ దాన్ని నడిపింది. కొద్దికాలానికే నడిపే ఖర్చులో అత్యధిక భాగం సర్కారు భరించసాగింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. అప్పుడు బండ్లు ఆగలేదు, ఎందుకంటే వాటిని కదిలిస్తున్నది అప్పటికే ప్రజల డబ్బు. నడిపే చెయ్యి మాత్రం జీవీకే సంస్థకు మారింది. వాడకు అర్ధరాత్రి అంబులెన్సు రావడం గొప్ప మార్పే. అంతకుముందు మంచం మీద మోసుకుపోయిన వాళ్ళం మనం. కాకపోతే ఖర్చు మనది, పేరు వాళ్ళది అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. గుండె ఆపరేషన్ అంటే చావే అనుకున్న ఇళ్ళలో పిల్లలు బతికారు. ఈ నిజాన్ని తోసేసి విమర్శించేవాళ్ళను వాడ నమ్మదు, నమ్మకూడదు కూడా. తెలంగాణలో ఈ పరిమితి 2023 డిసెంబరు 9న 10 లక్షలైంది.

అయినా ప్రశ్న ప్రశ్నే. పథకం డబ్బు కట్టేది ఆపరేషన్‌కు, పెద్ద చికిత్సకు. జ్వరానికి, చక్కెర జబ్బుకు, బీపీకి, రోజూ మింగే గోలీకి కాదు. బీపీ గోలీ దొరకని మనిషికి పక్షవాతమొచ్చాక కార్డు పనికొస్తుంది. ప్యాకేజీకి ఇంత అని ధర కడితే, ఏ ప్యాకేజీలో మిగులు ఎక్కువో ఆసుపత్రి లెక్క చూసుకుంటుంది. ఆరోగ్యశ్రీ మొదటి ఏళ్ళలో పల్లె ఆడవాళ్ళకు చిన్న వయసులోనే గర్భసంచి తీసేసే ఆపరేషన్లు విపరీతమయ్యాయని మహిళా సంఘాలు గొంతెత్తాయి. ఆ తరువాత ఆ ఆపరేషన్‌ను సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. కూలికి పోయే ఆడమనిషి నడుము నొప్పికి కారణం బరువు పని. దానికి ప్యాకేజీ లేదు. గర్భసంచికి ఉంది. కాబట్టి గర్భసంచి పోయింది. ఇది ఒక్క డాక్టరు దుర్మార్గం కాదు, ఒప్పందం రాసిన తీరులోనే ఉంది.

ఎవరు ఆపితే ఆగింది అంటారు?

2020లో కరోనా వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో చికిత్సకు తెలంగాణ సర్కారు జూన్‌లో ధర కట్టింది: మామూలు వార్డుకు రోజుకు 4 వేలు, ఐసీయూకు ఏడున్నర వేలు, వెంటిలేటరుతో 9 వేలు. ధర కాగితం మీదుండగానే బిల్లులు లక్షల్లోకి పోయాయని జనం మొత్తుకున్నారు. ఆగస్టులో రెండు ఆసుపత్రులకు కరోనా చికిత్స అనుమతి రద్దయింది. ధర కట్టడం తేలిక, బిల్లు చూడటం కష్టం. అదే జూలైలో గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు పని ఆపి బయటికి వచ్చారు. వాళ్ళ వెంట నాలుగో తరగతి కార్మికులు, సఫాయి వాళ్ళు వచ్చారు. వాళ్ళడిగింది సమాన జీతం, పర్మినెంటు. జనం చస్తుంటే సమ్మె ఏమిటని చాలామంది ఈసడించుకున్నారు.

2025లో, జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి, బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్కు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామన్నాయి. అప్పుడు దాన్ని ఎవరూ సమ్మె అనలేదు. చర్చలకు పిలిచారు. బకాయిలు న్యాయమైనవే కావచ్చు, చిన్న ఆసుపత్రులకు ఇబ్బంది నిజమే కావచ్చు. మా ప్రశ్న వేరు. యజమాని పని ఆపితే ఒప్పందం గుర్తొస్తుంది, తుడిచే మనిషి పని ఆపితే మానవత్వం గుర్తొస్తుంది. ఎందుకని? ఒకరిది ఒప్పందంలో సంతకం, ఇంకొకరిది ఉత్త వేలిముద్ర. అంతే తేడా.

బాలాపూర్‌లో నిలబడి

ఇప్పుడు మళ్ళీ బాలాపూర్‌కు వద్దాం. 2016లో ఇది మండలమైంది. పక్కనే క్షిపణుల పరిశోధనా కేంద్రం ఉంది. చుట్టూ వెంచర్లున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండువైపులా ప్రైవేటు ఆసుపత్రుల బోర్డులే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఖాళీ చేయించి, అక్కడ పెద్ద సర్కారు ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. ఆ మార్కెట్లో బుట్టలు మోసిన హమాలీల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఆ ఆసుపత్రిలో మంచం దొరుకుతుందేమో గానీ, పర్మినెంటు ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుందని మేం అడుగుతున్నాం.

2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానలు వచ్చాయి. డాక్టరు, నర్సు, ఒక సహాయకురాలు. మందులు ఉచితం, రక్త పరీక్షలు ఉచితం. ఇంతకాలంగా ఆర్‌ఎంపీ సూదికి అలవాటుపడ్డ బస్తీకి ఇది మంచి మార్పు, నిలబెట్టుకోవాలి. కానీ అది తెరిచి ఉండేది పగలు. అడ్డా కూలీ తెల్లారి పోయి పొద్దుగూకి వస్తాడు. ఆయన వచ్చేసరికి తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ గది ఒక్కటే. పైగా దవాఖానలో పనిచేసేవాళ్ళూ కాంట్రాక్టు మీదే.

బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో 2012 తరువాత మయన్మార్ నుంచి ప్రాణాలతో పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలున్నాయి. వాళ్ళకు రేషన్ కార్డు లేదు, కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. కార్డు మీద నిలబెట్టిన వైద్యం కార్డు లేనివాళ్ళను గేటు దగ్గరే ఆపేస్తుంది. నిన్న మనల్ని కులం పేరుతో గేటు బయట నిలబెట్టారు. ఇవాళ ఇంకొకరిని కాగితం పేరుతో నిలబెడుతుంటే మనం చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు.

అటు ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరులో పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్ని పిపిపి పద్ధతిలో కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. దానిమీద పార్టీలు తమ తగాదా పడ్డాయి. మన విద్యార్థులు అడగాల్సింది వేరే. సీట్లలో రిజర్వేషన్ ఎట్లా ఉంటుంది, ఫీజు ఎంత, అధ్యాపకుల, నర్సుల, సఫాయి కార్మికుల నియామకంలో రోస్టరు ఉంటుందా? సంతకాలు పడకముందే అడగాలి. పడ్డాక కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మనం ఏం అడగాలి

ప్రైవేటు మాట వినగానే వద్దనడం మా ఉద్దేశం కాదు. వీధి చివర డాక్టరు ప్రైవేటే, మహావీర్ ప్రైవేటే, డిచ్‌పల్లి మిషన్ కూడా ప్రైవేటే. సర్కారు అనగానే మనదని మురిసిపోవడమూ కుదరదు, రోస్టరు తీసేసింది సర్కారే. ఈ వందేళ్ళ చరిత్ర చెప్పేది ఒకటి: రిజిస్టరు బయటపెట్టిన చోట, మందు అమ్మకానికి పెట్టని చోట భాగస్వామ్యం మనకు పనికొచ్చింది. పనిచేసేవాళ్ళకు కుర్చీ వేసిన చోట హక్కు పుట్టింది. ఇవేవీ లేనిచోట మన జబ్బు వాళ్ళకు ఆదాయమైంది.

అందుకని, ప్రజల డబ్బు తీసుకునే ప్రతి ఆసుపత్రి, ఎంతమందికి ఏ ఆపరేషన్ చేసిందో, ఎంత తీసుకుందో, పేర్లు లేకుండా ఆ లెక్కను గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో గోడ మీద రాయాలి. ఆ ఆసుపత్రుల్లోనూ, సర్కారు దవాఖానల్లోనూ ఔట్‌సోర్సింగ్ నియామకాలకు రిజర్వేషన్ వర్తింపజేయాలి. కార్మికులకు ఈఎస్‌ఐ, పీఎఫ్ కట్టిన రశీదు చూపించకుండా ఏజెన్సీకి బిల్లు ఇవ్వకూడదు. బస్తీ దవాఖాన సాయంత్రం కూడా తెరవాలి. ప్రతి ఒప్పందాన్ని చూసే కమిటీలో బస్తీ ఆడవాళ్ళకు, ఆసుపత్రి కింది కార్మికులకు చట్టం ప్రకారం చోటివ్వాలి. అంబేద్కర్ కార్మిక శాఖ చూసిన రోజుల్లో కర్మాగారానికి కుదిరిన మూడో కుర్చీ ఆసుపత్రికి కుదరదనడానికి కారణం లేదు.

విద్యార్థులు, టీచర్లు తమ తమ బస్తీల్లో ఒక పని మొదలుపెట్టవచ్చు. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఈ ఏడాది తమ వాడలో ఎవరికి ఏం జబ్బొచ్చింది, ఎక్కడికి పోయారు, ఎంత అప్పయింది అని ఇంటింటికీ అడిగి రాయవచ్చు. లడ్డూ లెక్క పేపర్లో వస్తుంది. ఈ లెక్క మనం రాస్తేనే ఉంటుంది. మా అమ్మ పేరు దగ్గరే మేం మొదలుపెట్టాం.